పాములను చంపొద్దు: ఊళ్లోనే చిన్న రక్షణ కేంద్రం పెట్టుకోవచ్చు

తొలకరి పడిందంటే మన కురవి చుట్టుపక్కల చెలకల్లో, పొలం గట్ల మీద, గడ్డివాముల కాడ పాములు కనబడటం మామూలే. కనబడంగనే కట్టె అందుకోవడం మన అలవాటు. ఈ అలవాటుతో మనకు ఒరిగిందేమీ లేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. వీరిలో ఎక్కువ మంది పల్లెవాళ్లే. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపలనే, అంటే మనం పొలాల్లో ఉండే రోజుల్లోనే జరిగాయి.

పాము వల్ల లాభమేంటి?

మన దిక్కు మనుషుల ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. మనం ఎక్కువగా చంపే జెర్రిపోతుకు విషం లేదు. అది ఎలుకలను తింటుంది. వరి పొలంలో, వడ్ల బస్తాల కాడ ఎలుక చేసే నష్టం మీకు చెప్పనక్కర లేదు. నీరుకట్టు పాముకూ విషం లేదు. కప్ప పురుగులను తింటుంది. కప్పకాళ్ల ఎగుమతి కోసం కప్పలను లక్షలకొద్దీ పడుతుంటే, 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతినే నిషేధించింది. కప్ప చర్మంతో కూడా శ్వాస తీసుకుంటుంది. అందుకే మందు కొట్టిన డబ్బా కుంటలో కడిగితే ముందుగా నష్టపోయేది కప్పలే.

ఇదివరకే చేసినవాళ్లున్నారు

హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పనిచేస్తున్నది. ఇళ్లలోకి వచ్చిన పాములను స్వచ్ఛంద కార్యకర్తలు పట్టి, అటవీ శాఖ సహకారంతో అడవిలో వదులుతారు. బడుల్లో పాఠాలు చెబుతారు. తమిళనాడులో ఇరుల తెగవారు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాములను పట్టి, విషం తీసి, తిరిగి వదిలేస్తారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. ఆ తెగకు చెందిన ఇద్దరు పాములు పట్టేవారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

చట్టం ఏమంటున్నది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం పామును, ఉడుమును చంపడం, అనుమతి లేకుండా పట్టడం, పెంచడం నేరం. వన్యప్రాణి చేతికొస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లోనో అటవీ అధికారికో తెలపాలి. జంతువులను బోనులో పెట్టి జనానికి చూపాలంటే కేంద్ర జూ ప్రాధికార సంస్థ గుర్తింపు కావాలి. కాబట్టి మన ఊరి కేంద్రం బోను లేని కేంద్రంగానే మొదలవ్వాలి.

మొదలుపెట్టే పద్ధతి

1. గ్రామసభలో మాట్లాడి, మహబూబాబాద్ అటవీ అధికారులకు దరఖాస్తు పెట్టండి. రాతపూర్వక అనుమతి వచ్చేదాకా ఎవరూ పామును ముట్టొద్దు.

2. ధైర్యం, నిదానం ఉన్న ఇద్దరు ముగ్గురు యువకులను ఎంచుకుని, అనుభవం గల సంస్థ దగ్గర శిక్షణ ఇప్పించాలి. తాగిన మనిషిని, పాముతో ఫొటోలు దిగాలని ఉబలాటపడే మనిషిని దగ్గరకు రానీయొద్దు.

3. ఇనుప కొక్కెం, పైపుకు కట్టిన గుడ్డ సంచి, మూత గట్టిగా పడే డబ్బా, టార్చిలైటు, బూట్లు ఉండాలి.

4. పట్టిన పామును అటవీ సిబ్బంది చెప్పిన చోట, సాధ్యమైనంత దగ్గరలోనే వదలాలి. దూరం తీసుకుపోతే కొత్త చోట బతకడం దానికి కష్టం. దెబ్బ తగిలిన దాన్ని అటవీ శాఖకు అప్పగించాలి.

5. పంచాయతీలోనో బడిలోనో ఒక గది తీసుకుని పాముల రంగుల బొమ్మలు, పేర్లు రాసి పెట్టండి. శివరాత్రికి వీరభద్రస్వామి జాతరలో ఒక పందిరి వేస్తే ఎందరో చూస్తారు. పాము పాలు తాగదని నాగులపంచమి ముందే పిల్లలకు చెప్పాలి.

6. పొలం మూలన మందునీళ్లు చేరని చిన్న కుంట, పక్కన రాళ్ల కుప్ప ఉంచితే కప్పలు గుడ్లు పెడతాయి. ఇంటి దగ్గర మాత్రం రాళ్లు, కట్టెల కుప్పలు ఉంచొద్దు.

కాటు పడితే

మంత్రం, ఆకుపసరు అంటూ గంటలు పోగొట్టొద్దు. గట్టిగా కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, కడియాలు తీసి, కాటు పడిన కాలు చెయ్యి కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గుర్తు కూడా కనబడకపోవచ్చు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం కనిపిస్తే అనుమానించాలి. మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకోవడమే మంచి రక్షణ.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఆ పని ఢిల్లీలో కాదు, మన ఊళ్లలో జరగాలి. వానలు పడేలోపే గ్రామసభలో ఈ మాట ఎత్తండి.