అలెగ్జాండర్ డఫ్ – విద్యాసేవ

విద్యాసంస్థకు ప్రాణం భవనమా, బోధనమా? అలెగ్జాండర్ డఫ్ జీవితం ఈ ప్రశ్నకు సమాధానమిస్తుందని మేము భావిస్తున్నాము.

1806లో స్కాట్లండులో జన్మించిన డఫ్ ప్రెస్బిటీరియన్ మిషనరీ. భారతదేశానికి వస్తుండగా దక్షిణాఫ్రికా తీరాన ఓడ బద్దలై, ఆయన గ్రంథాలు దాదాపు అన్నీ సముద్రం పాలయ్యాయి. 1830 మే నెలలో కలకత్తా చేరిన ఆయనకు పాఠశాల కోసం తావు చూపి, తొలి విద్యార్థులను సమకూర్చినవారు రాజా రామమోహన రాయ్. బైబిలు పఠనానికి జంకిన బాలురతో, తాము ఖురానును పలుమార్లు చదివినా ముస్లిం కాలేదు గదా అని రాయ్ గారు నచ్చజెప్పారు. జూలై 13న పాఠశాల ఆరంభమైంది.

1843లో స్కాట్లండు చర్చి చీలినప్పుడు డఫ్ ఫ్రీ చర్చి పక్షాన నిలిచారు. తత్ఫలితంగా తాము పెంచిన పాఠశాల భవనాన్ని, గ్రంథాలయాన్ని, ప్రయోగ పరికరాలను విడిచిపెట్టవలసి వచ్చింది. ముప్పది ఏడేళ్ల వయసులో అద్దె ఇంట మరల తొలి అడుగు వేశారు. విద్యార్థులలో అధికులు గురువు వెంటనే నడిచారు. ఆ రెండు సంస్థలు 1908లో ఏకమై, నేడు స్కాటిష్ చర్చి కళాశాలగా కొనసాగుతున్నాయి.

డఫ్ ధ్యేయం మతప్రచారం. సంస్కృత, అరబ్బీ విద్యలను ఆయన చిన్నచూపు చూశారు. ఉర్దూ, తెలుగు భాషలను సమానంగా ఆదరించే మనము ఆ దృష్టిని అంగీకరించలేము. అయినను, అన్యమతస్థుని ఆదరణతో మొలకెత్తిన ఆ పాఠశాలను శిష్యుల విశ్వాసమే నిలిపిందన్న సత్యం అల్పసంఖ్యాకుల కళాశాలలను నడిపే పెద్దలకు, అందు చదివే విద్యార్థులకు స్మరణీయం.