సంఘ సొమ్ము: హక్కులు, గడువులు, నిబంధనలపై తరచూ అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని క్రైస్తవ సంఘాల పెద్దలు, కోశాధికారులు, విశ్వాసులు తరచూ అడిగే ప్రశ్నలకు సమాధానాలివి. ఇందులో ‘సంఘం’ అంటే ఆరాధనకు కూడే విశ్వాసుల సమూహం. ‘సంస్థ’ అంటే ఆ సంఘం తరఫున రిజిస్టరైన సొసైటీ లేదా ట్రస్టు. ‘సంఘ సొమ్ము’ అంటే కానుకలు, దశమ భాగాలు, విరాళాలు, వాటిపై వచ్చిన వడ్డీ, సంఘ ఆస్తులపై అద్దెలు. ‘ప్రత్యేక నిధి’ అంటే దాత ఫలానా పనికని చెప్పి ఇచ్చిన సంఘ సొమ్ము. ఆదాయపు పన్ను సెక్షన్ల నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది కనుక, ఏ ఫారం నింపే ముందైనా కొత్త సెక్షను నంబరును, గడువును సరిచూసుకోవాలి.

1. సంఘానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరా?

ఆరాధనకు అక్కర లేదు. ఆ స్వేచ్ఛను రాజ్యాంగం 25, 26 అధికరణాలు ఇస్తున్నాయి. అయితే సంఘం పేరిట బ్యాంకు ఖాతా, స్థలం, పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం 7 మంది సభ్యులు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. సీఎస్‌ఐ, కతోలిక, లూథరన్ వంటి సభలకు చెందిన స్థానిక సంఘం మాత్రం మాతృసంస్థ రాతపూర్వక అనుమతి లేకుండా వేరే సంస్థను రిజిస్టరు చేసుకోకూడదు. అలా చేసిన చోట్ల ఆస్తి ఎవరిదన్న తగాదా ఏళ్ల తరబడి కోర్టుల్లో నలుగుతుంది.

2. కానుకలు పాస్టరు గారి ఫోన్‌పే నంబరుకు పంపవచ్చా?

పంపకూడదు. ఆయన వ్యక్తిగత ఖాతాలో పడిన మొత్తాన్ని ఆదాయపు పన్ను శాఖ మొదట ఆయన ఆదాయంగానే చూస్తుంది. అది సంఘ సొమ్మని నిరూపించే భారం ఆయనపై పడుతుంది. ఆయన హఠాత్తుగా చనిపోతే ఆ ఖాతాపై వారసులు హక్కు అడుగుతారు. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే అయి ఉండాలి. ఆ ఖాతాను కనీసం ఇద్దరి సంతకాలతో నడిపేలా కమిటీ తీర్మానం చేయాలి. పాస్టరు గారికి ప్రేమకానుకగా వ్యక్తిగతంగా ఇచ్చేది వేరు. అది ఎవరికి ఇస్తున్నదీ ఇచ్చేవారే స్పష్టం చేయాలి.

3. కానుకల సంచి ఎవరు లెక్కపెట్టాలి?

చట్టం ఇందుకు పద్ధతి విధించలేదు. నా సలహా ఇది: ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు, ఆరాధన ముగిసిన వెంటనే, మందిరంలోనే లెక్కించాలి. నోట్ల వివరం రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అందులోంచి ఖర్చుకు తీయకుండా మొత్తాన్నీ తర్వాతి బ్యాంకు పనిదినాన జమ చేయాలి. ఖర్చులకు వేరుగా డ్రా చేసి, ఓచరు రాయాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో పౌలు అంతటివాడే యెరూషలేము చందాను ఒంటరిగా మోయలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంట పెట్టాడు. నిజాయతీపరుడైన కోశాధికారికి ఇది అవమానం కాదు, రక్షణ. కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) ఆర్థిక మండలి ఉండటం ఆ సభ చట్టంలోని కానన్ 537 ప్రకారం తప్పనిసరి.

4. పేరు చెప్పకుండా వేసిన కానుకలపై పన్ను పడుతుందా?

పూర్తిగా మత ప్రయోజనానికే ఏర్పడిన సంస్థకు, అనామక విరాళాలపై పన్ను వేసే సెక్షన్ 115బీబీసీ వర్తించదు. మత ప్రయోజనంతో పాటు ధర్మకార్యాలూ చేసే సంస్థకు కూడా వర్తించదు. ఒక మినహాయింపు ఉంది. అలాంటి సంస్థ నడిపే బడికి లేదా ఆసుపత్రికని ప్రత్యేకించి ఇచ్చిన అనామక విరాళం, పరిమితి దాటితే, 30 శాతం పన్నుకు లోబడుతుంది. కాబట్టి బడి నిధికి ఇచ్చేవారి పేరు, చిరునామా తప్పక రాసుకోండి.

5. నగదుకు పరిమితి ఉందా?

ఉంది. ఒక వ్యక్తి నుంచి ఒకే రోజు, లేదా ఒకే లావాదేవీలో, లేదా ఒకే సందర్భానికి సంబంధించి రూ.2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోరాదు (సెక్షన్ 269ఎస్‌టీ). తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. అలాగే ఒక వ్యక్తికి ఒకే రోజు రూ.10,000 దాటి నగదుగా చెల్లిస్తే, నియమాల్లో చెప్పిన మినహాయింపులు తప్ప, పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. మందిర నిర్మాణంలో మేస్త్రీలకు, ఇసుక, సిమెంటు వ్యాపారులకు చెల్లించేటప్పుడు ఎక్కువ సంఘాలు తప్పేది ఇక్కడే.

6. మందిర నిర్మాణానికి ఇచ్చిన డబ్బును కొరత వచ్చినప్పుడు జీతాలకు వాడవచ్చా?

వాడకూడదు. ప్రత్యేక నిధిని దాత చెప్పిన పనికే వినియోగించాలి. ‘తర్వాత తిరిగి కడతాం’ అన్న కమిటీ తీర్మానం ఈ షరతును రద్దు చేయదు. కతోలిక సభ చట్టంలోని కానన్ 1267 కూడా ఇదే చెబుతోంది. ఆ పని అసాధ్యమైనా, పూర్తయి డబ్బు మిగిలినా, దాతల రాతపూర్వక సమ్మతి తీసుకుని సర్వసభ్య సమావేశంలో తీర్మానించాలి. దాతలు దొరకనప్పుడు, ముఖ్యంగా మొత్తం పెద్దదైతే, ప్రయోజనం మార్చడానికి కోర్టును ఆశ్రయించవలసి రావచ్చు.

చిక్కు ముందే తప్పించడం మేలు. విజ్ఞప్తి చేసేటప్పుడే ‘పని పూర్తయ్యాక మిగిలితే సంఘ సాధారణ అవసరాలకు వాడతాం’ అని రశీదుపై అచ్చు వేయండి. మూలధన విరాళమైతే, అది మూలధనానికే ఇస్తున్నట్లు దాత చేతనే రాయించుకోవాలి. ఆ మొత్తాన్ని సెక్షన్ 11(5)లో చెప్పిన మార్గాల్లోనే పెట్టాలి. వరద బాధితులకని ఎత్తిన చందాను మైకు సెట్టు కొనడానికి మళ్లించిన సంఘం, ఆ మైకులో ఏం ప్రకటించినా జనం నమ్మరు.

7. పన్ను మినహాయింపు నిలవాలంటే గడువులేమిటి?

సెక్షన్ 12ఏబీ రిజిస్ట్రేషన్ సాధారణంగా 5 ఏళ్లు చెల్లుతుంది. షరతులకు లోబడి, రూ.5 కోట్లు దాటని ఆదాయమున్న చిన్న సంస్థలకు 10 ఏళ్లు. గడువు తీరడానికి కనీసం 6 నెలల ముందు పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి. ఏటా ఆదాయంలో 85 శాతం ఉద్దేశిత పనులకు వినియోగించాలి. ఆడిట్ అవసరమైన సంస్థ నివేదికను సెప్టెంబరు 30లోగా, రిటర్నును అక్టోబరు 31లోగా దాఖలు చేయాలి. ప్రభుత్వం పొడిగించిన సంవత్సరాల్లో ఆ పొడిగింపు వర్తిస్తుంది. సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 10 ఏళ్లు లెక్కలు భద్రపరచాలి.

8. దశమ భాగానికి 80జీ రాయితీ వస్తుందా?

సాధారణంగా రాదు. మత ప్రయోజన సంస్థలకు 80జీ ఆమోదం ఉండదు. ఆమోదమున్న ధర్మసంస్థకు ఇచ్చినా, రూ.2,000 దాటిన నగదుకు రాయితీ లేదు. రాయితీ వస్తుందని వేదిక మీద ప్రకటించే ముందు ఆమోద పత్రం చూడండి.

9. పాస్టరు గారి కుటుంబ సభ్యులకు జీతం ఇవ్వవచ్చా?

నిజంగా చేసిన పనికి, తగిన మేరకు ఇవ్వవచ్చు. స్థాపకులు, ట్రస్టీలు, వారి బంధువులు సంఘ సొమ్ముతో అనుచిత లాభం పొందితే సెక్షన్ 13 కింద మినహాయింపుకే ముప్పు. పని, జీతం రెండూ తీర్మానంలో ఉండాలి. ప్రయోజనం పొందే వ్యక్తి ఆ తీర్మానంపై ఓటు వేయకూడదు. పాస్టరు గారి జీతంపై పన్ను వర్తించే స్థాయి ఉంటే టీడీఎస్ మినహాయించాలి.

10. అమెరికాలో ఉన్న మా సంఘ బిడ్డలు డబ్బు పంపవచ్చా?

పంపేవారి పౌరసత్వాన్ని బట్టి ఉంటుంది. భారత పౌరుడు తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు ప్రతి తీసుకుని దాచండి. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా, అది విదేశీ విరాళమే. అక్కడి సంఘమో తెలుగు సహవాసమో వసూలు చేసి పంపినా అంతే. ఇక్కడికి వచ్చిన విదేశీ అతిథి రూపాయల్లో కానుక వేసినా అంతే.

విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థ 3 ఏళ్లుగా పనిచేస్తూ, గత 3 ఆర్థిక సంవత్సరాల్లో ప్రధాన కార్యక్రమాలపై కనీసం రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని నిర్దేశిత ఖాతాకే రావాలి. 2020 సవరణ తర్వాత దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధం. పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటరాదు. వార్షిక రిటర్ను గడువు డిసెంబరు 31. సంఘం కోసం వచ్చిన విదేశీ విరాళాన్ని పాస్టరు గారి ఖాతాలోకి రప్పించుకోవడం దారి కాదు. ఉల్లంఘనకు 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు.

11. కమిటీ లెక్కలు చూపకపోతే సభ్యుడు ఏం చేయాలి?

మొదట నియమావళి చదివి, ఏ సంవత్సరం ఏ లెక్క కావాలో రాతపూర్వకంగా కార్యదర్శిని అడగండి. అందినట్లు సంతకం తీసుకోండి లేదా స్పీడ్ పోస్టులో పంపండి. జవాబు రాకపోతే నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం కోరండి. సీఎస్‌ఐ, కతోలిక వంటి సభల్లో డయాసిస్‌కు కూడా ఫిర్యాదు చేయండి. ఆపైన సొసైటీ అయితే, 2001 చట్టం సెక్షన్ 23 కింద సభ్యుడు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. బహిరంగ ట్రస్టు అయితే, ఆసక్తి గల ఇద్దరు లేదా అంతకు మించిన వారు కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద దావా వేయవచ్చు.

సంఘ సొమ్మును దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నట్లు ఆధారాలుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నేరపూరిత నమ్మకద్రోహమని ఫిర్యాదు చేయవచ్చు. లెక్కల్లో పొరపాటు వేరు, దురుద్దేశం వేరు. పత్రాలు చేతికందక ముందే వాట్సాప్ గ్రూపులో ‘దొంగ’ అని రాస్తే పరువునష్టం కేసు మీ మీదికే రావచ్చు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, రశీదులు, తీర్మానాల ప్రతులు ముందుగా సేకరించి, వాటితోనే న్యాయవాదిని కలవండి.