ఒక్క ఆదివారం, రెండున్నర నిమిషాల పాట

కాలేజీ బ్యాండ్‌లో వాయించే తమ్ముడో చెల్లెలో వచ్చి "అన్నా, మా పాటకి వీడియో తీసిపెట్టవా" అని అడగడం హైదరాబాద్‌లో హఫీజ్‌పేట్, కొండాపూర్ వైపు ఉద్యోగాలు చేసుకునే చాలామందికి కొత్తేం కాదు. మన దగ్గర మంచి ఫోనుంటుంది, కొందరికి కెమెరా కూడా ఉంటుంది. పని పంచడం, గడువులోపు తేల్చడం ఆఫీసు ఎలాగూ నేర్పింది. లేనిదల్లా టైమే. పిల్లలకి పరీక్షలు, మనకి డ్యూటీలు పోగా అందరికీ కుదిరేది ఒక్క ఆదివారం. ఆ ఆదివారంలో మొదటి సగం బ్యాండ్ వాయించడానికే ఇవ్వమని నా సలహా. కథలోని క్లాసు ఎగ్గొట్టే సీను, ప్రేమ, లెక్చరర్ తిట్లు అన్నీ మధ్యాహ్నం తర్వాత చూసుకోవచ్చు.

వాళ్లది పాప్ పంక్ పాట అనుకుందాం. అలాంటి పాట జనాన్ని పట్టుకునేది వాయించేవాళ్ల ఊపుతోనే. పారామోర్ బ్యాండ్ 2007 నాటి 'మిజరీ బిజినెస్' వీడియో ఒకసారి చూడండి. స్కూల్లో నడిచే కథ ఉంది, కానీ మాటిమాటికీ బ్యాండ్ దగ్గరికే వస్తుంది. కథని సగానికి కోసేసినా ఆ వీడియో నిలబడుతుంది. బ్యాండ్‌ని తీసేస్తే ఏమీ మిగలదు. విద్యార్థుల వీడియోల్లో తరచూ దీనికి తలకిందులుగా జరుగుతుంది. పొద్దుటంతా కథకి ఖర్చయిపోయి, వెలుతురు పోయే వేళకి హడావిడిగా రెండు టేకులు వాయిస్తారు.

ముందు పాట వేగం కనుక్కోండి, డ్రమ్మర్ చెబుతాడు. నిమిషానికి 180 బీట్లనుకుందాం. అంటే సెకనుకి మూడు. నాలుగు బీట్ల బార్ సెకనున్నర కూడా ఉండదు. రెండున్నర నిమిషాల పాటలో 112 బార్లు దాటుతాయి. రెండు బార్లకోసారి షాట్ మార్చినా 56 షాట్లు కావాలి. అన్నిటినీ విడివిడిగా తీస్తూ కూర్చుంటే ఆదివారం చాలదు. అందుకే ఒక్కో కోణం నుంచి పాటని మొదట్నుంచి చివరిదాకా వాయించమనండి. ఎనిమిది కోణాలు, కోణానికి రెండు టేకులు. కెమెరా తిరిగే సమయం మొత్తం 40 నిమిషాలే. మిగతా పూటంతా కెమెరా జరపడానికి, చెమట తుడుచుకోవడానికి, డ్రమ్మర్ చేతులు ఆరబెట్టుకోవడానికి సరిపోతుంది. మొదట అందరూ కనిపించే వైడ్ తీయండి. ఒళ్లు వేడెక్కాక సింగర్ క్లోజప్. బేస్ వాయించే పిల్లకి కూడా సొంతంగా ఒక కోణం ఉంచండి, ఎక్కువసార్లు మర్చిపోయేది ఆమెనే.

షూటింగ్ రోజు బ్యాండ్ వాయించడానికి తోడుగా మోగించే రికార్డు ఫైనల్ మిక్స్ అయి ఉండాలి. తర్వాత వేరే వేగంతో మళ్లీ రికార్డు చేస్తే తీసిందంతా వృథా. పాట ముందు ఎనిమిది క్లిక్కులు పెట్టి ఫైలు తయారుచేసుకోండి, అందరూ ఒకేసారి అందుకుంటారు. కెమెరా మైకు ఆపకండి. టేకు మొదట్లో ఒక చప్పట కొడితే ఎడిటింగ్‌లో పాటతో కలపడం తేలిక. దావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు. డ్రమ్మర్‌కి బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం ఇవ్వొద్దు. అతనికి పాట ఆలస్యంగా చేరుతుంది, స్పీకర్లో వింటున్న మిగతావాళ్లకంటే వెనకబడతాడు.

ఉత్తుత్తిగా వాయిస్తే కెమెరా ఇట్టే పట్టేస్తుంది. చప్పుడు తగ్గాలంటే సింబల్స్ మీద తువ్వాలు కప్పండి, కొట్టడం మాత్రం గట్టిగా కొట్టమనండి. సింగర్ పెదాలాడిస్తే చాలదు, గొంతెత్తి పాడాలి. మెడ నరాలు ఉబ్బడం, ఊపిరి అందక భుజాలు లేవడం నటిస్తే వచ్చేవి కావు. ఇంకా ఊపు కావాలంటే పాటని 80 శాతం వేగంతో మోగించి వాయించమనండి. ఎడిటింగ్‌లో ఆ షాట్‌ని 125 శాతానికి పెంచితే పెదాలు పాటకి సరిగ్గా కూర్చుంటాయి, కదలికల్లో మాత్రం ఒక చురుకు వస్తుంది.

ఫోన్లలో మామూలుగా సెకనుకి 30 ఫ్రేములుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని ట్యూబ్‌లైట్ల, ఎల్‌ఈడీల కింద బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. 25 ఫ్రేములు, షటర్ 1/50 దగ్గర కదలకుండా పెట్టండి. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఇవి కుదురుతాయి.

ఇక చోటు. అందరి కళ్లూ హఫీజ్‌పేట్ ఎంఎంటీఎస్ స్టేషన్ మీద పడతాయి. అక్కడ షూటింగ్‌కి దక్షిణ మధ్య రైల్వే అనుమతి కావాలి. పట్టాల మీదకి దిగితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చదువుకునే పిల్లల్ని ఆ చిక్కులోకి లాగకండి. ఫ్లైఓవర్ కింద, రోడ్డు మీద వాయిద్యాలు పరిచినా పోలీసుల అనుమతి ఉండాల్సిందే. నా ఓటు అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి. స్తంభాలు, బైకుల వరుస, పైన పైపులు, ఈ పాటకి అంతకంటే మంచి సెట్టు దొరకదు. అసోసియేషన్ సెక్రటరీకి వారం ముందే లెటర్ ఇచ్చి ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకానో రాయండి, వాచ్‌మన్‌కి కూడా చెప్పండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న రూలు 2000 సంవత్సరం నుంచి ఉంది. కథ సీన్లు టెర్రస్ మీదైతే డిసెంబరులో సాయంత్రం అయిదూ ముప్పావుకే సూర్యుడు దిగిపోతాడని గుర్తుంచుకోండి.

పాట పిల్లలు సొంతంగా కట్టుకున్నదైతే మేలు. వేరే బ్యాండ్ పాటకి వీడియో చేయాలంటే పాట హక్కుదారుల అనుమతి కావాలి, లేదంటే యూట్యూబ్‌లో పెట్టగానే క్లెయిమ్ రావచ్చు. సొంత పాటైనా సరే మాట ఎవరిది, బాణీ ఎవరిది, వీడియో ఎవరిదో ఒక్క కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లుంటే అమ్మానాన్నల సంతకం తప్పనిసరి.

మీ ఉద్యోగం సంగతి కూడా చూసుకోండి. పోటీ సంస్థలకు పనిచేస్తున్నారంటూ 300 మందిని తీసేసినట్టు 2022 సెప్టెంబరులో విప్రో చెప్పింది. పైసా తీసుకోకుండా తమ్ముడి పాట తీయడం వేరే సంగతి. కానీ ఇది బాగా వస్తే రేపు డబ్బులిచ్చి పిలిచేవాళ్లు వస్తారు. అప్పుడు మీ అపాయింట్‌మెంట్ లెటర్లో బయటి పనుల గురించి ఏం రాసుందో చదవండి, అనుమానముంటే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఎడిటింగ్ చేయకండి.

ఇలాంటి పని ఎక్కడికి తీసుకెళ్తుందో ముందే చెప్పలేం. హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా 2020లో కరోనా జాగ్రత్తల మీద చేసిన పాట అందరి ఫోన్లలోకీ చేరింది. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల మరుసటేడు 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాట పాడారు. పిల్లల్లో ఎడిటర్ అయ్యేది ఎవరో, కెమెరా పట్టేది ఎవరో మీకిప్పుడు తెలియదు. రేపు వాళ్లు పని అడగడానికి వెళ్లినప్పుడు చూపించుకోవడానికి ఉండేది ఈ వీడియోనే. అందుకే టైటిల్స్‌లో ప్రతి ఒక్కరి పేరూ, చేసిన పనీ తప్పుల్లేకుండా వేయండి. స్పీకర్లు మోసిన వాళ్లనీ, అందరికీ టిఫిన్ తెచ్చిన వాళ్లనీ వదలకండి.