పగబట్టిన వేటగాడు

పాఠ్యభాగము: ఆదికాండము 27:41–45, 33:1–11, 35:27–29



వేసవి సెలవులలో ఒక సాయంకాలము మా మందిరపు అరుగు మీద పిల్లలు ఒక సెల్‌ఫోను చుట్టు గుమిగూడి బొమ్మల కథ చూచుచుండిరి. అడవిలో తోడేళ్ల మధ్య పెరిగిన మౌగ్లీ అను బాలుడు, వాని వెంటాడు షేర్‌ఖాన్ అను పెద్దపులి. మన హైదరాబాదులోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ అను సంస్థ దీనిని కంప్యూటరు బొమ్మలతో తయారుచేయగా 2010 నుండి పలు దేశముల టెలివిజనులలో చూపిరి. ఒక చిన్నవాడు నన్నడిగెను: “అయ్యగారూ, అడవిలో ఇన్ని జింకలున్నయి గదా, ఈ పులి ఆ ఒక్క పిల్లగాని వెంటనే ఎందుకు పడ్తది?”

సెమినరీలో మేము వ్రాసిన పరీక్షలలో ఇంత మంచి ప్రశ్న నాకు జ్ఞాపకము లేదు.

మూలకథను రడ్యార్డ్ కిప్లింగు 1894లో ప్రచురించెను. ఆ పులికి పుట్టుకతోనే ఒక కాలు కుంటి. ఒక రాత్రి కట్టెలు కొట్టువాని మంట మీదికి దూకి పాదములు కాల్చుకొనెను. దొరకవలసిన శిశువు తోడేళ్ల గుహలో చేరెను, అవి ఇయ్యమనెను. ఆకలి మరునాటికి మరియొక జంతువుతో తీరియుండును. అవమానము మాత్రము తీరలేదు. ఏండ్ల తరబడి ఆ బాలుని కొరకు పొంచియుండెను. తుదకు వానిని చంపుటకు వచ్చిన దినముననే పందిని తిని, నీళ్లు త్రాగి, కదలలేక లోయలో పడుకొనగా గేదెల మంద వచ్చి త్రొక్కివేసెను.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ఊరి వేటగాడు బల్దేవు, పులి చర్మమునకు సర్కారు ఇచ్చు నూరు రూపాయల కొరకు ఆశపడెను. బాలుడు ఇయ్యలేదు. ఆ రోషముతో వీడు మంత్రగాడని ఊరివారికి చెప్పగా వారు రాళ్లు రువ్వి తరిమిరి. వానిని సాకిన తల్లిని, ఆమె భర్తను కట్టివేసి చంపజూచిరి. 1895లో వచ్చిన రెండవ పుస్తకములో బాలుడు ఏనుగులను తోడుకొనివచ్చి ఆ ఊరినే నేలమట్టము చేయించెను. పులి చచ్చినది గాని పగ చావలేదు. అది పులి నుండి వేటగానికి, వేటగాని నుండి బాలునికి చేతులు మారెను.

సికింద్రాబాదు నానుకొనియున్న బొలారములో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ నరభక్షక పులులను వేటాడి, వాటిని గూర్చి 1954 మొదలుకొని పుస్తకములు వ్రాసెను. పులి మనుష్యులను తినుటకు తరచుగా కారణము మనుష్యుడు చేసిన తుపాకి గాయమే అని ఆయన చెప్పెను. గాయపడినది సహజమైన వేట చేయలేదు.

ఇప్పుడు ఏశావును చూడుడి. అతడును వేటగాడే (ఆది. 25:27). ఆకలిగొని వచ్చి చిక్కుడుకాయల వంటకమునకు జ్యేష్ఠత్వము నమ్మెను. వేటగాండ్ర సంగతి విచిత్రము; షేర్‌ఖాన్ కడుపు నిండి చెడెను, ఏశావు కడుపు మాడి చెడెను! అయితే మన బోధకులు (నేనును వారిలో ఒకడనే) అతనిని త్వరపడి దుష్టుల పట్టీలో చేర్చుదురు. దీవెన విషయములో అతడు నిజముగా మోసపోయెను. బిగ్గరగా ఏడ్చెను. కథలో పగబట్టినవాడు ఏశావే, కాని అతనికి గాయము చేసినవాడు మనము మెచ్చుకొను యాకోబు.

తండ్రి కొరకు దుఃఖించు దినములు రాగానే తమ్ముని చంపుదునని ఏశావు నిశ్చయించెను. కొన్నాళ్లలో కోపము చల్లారునని రిబ్కా తలంచెను. ఆ కొన్నాళ్లు ఇరువది సంవత్సరములాయెను (31:41). ఆమె చిన్న కుమారుని మరల చూచినట్లు వ్రాయబడలేదు. యాకోబు తిరిగివచ్చుచు కానుకగా పంపిన పశువులు, ఒంటె పిల్లలను విడిచి లెక్కించినను, 550. ఏశావు 400 మందితో వచ్చెను. వచ్చి, పరుగెత్తి, కౌగిలించుకొనెను. అతని మనస్సు ఏ దినమున, ఏ దారిలో మారెనో గ్రంథము చెప్పదు. అతని సంతతివారు మాత్రము పగను మరల ఎత్తుకొనిరి (ఆమోసు 1:11).

నేనెరిగిన ఒక ఊరిలో ఇద్దరు అన్నదమ్ములు గలరు. పంపకములలో తమ్ముడు బోరుబావి యున్న మడిని తన పేర వ్రాయించుకొనెను. పదునొకండేండ్లుగా మాటలు లేవు. ఒకే మందిరమునకు వత్తురు. బల్లారాధననాడు అన్న లేచి బయటికి పోవును. ఈ మధ్య వారి తండ్రి మంచము పట్టెను. చూడబోయిన నాతో అన్న వాకిట నిలిచి మెల్లగా అనెను: “నాయన ఉన్నన్ని దినాలే అయ్యగారూ. ఆయన కన్ను మూసినంక వాని సంగతి చూస్త.”

నేను బుద్ధిచెప్పలేదు. ఆ మాట ఇంతకు ముందే ఒకడు చెప్పెనని 27:41 చదివితిని. “అది ఎరికనే,” అనెను. తరువాత 35:29 తీసితిని. ఇస్సాకు నూట ఎనుబది ఏండ్లు బ్రదికి చనిపోగా, పాతిపెట్టినవారి పేర్లు అక్కడ ఉన్నవి.

“ఇద్దరునా?” అని అడిగెను.

“ఇద్దరును.”

మరల చదువుమనెను. చదివితిని. ఏమియు పలుకక పశువులకు మేత వేయ వెళ్లెను.

ముసలాయన ఇంకను మంచము మీదనే యున్నాడు. గడచిన బల్లారాధననాడు అన్న బయటికి పోలేదు. పాత్ర పుచ్చుకొనలేదు గాని, కూర్చుండెను.