షెడ్డు సంగతి తర్వాత, ముందు చెత్త దొరుకుతుందా?

"బీటెక్ చదివించింది పురుగులు పెంచడానికా?" అనే తండ్రులూ, "ఎకరం అమ్మైనా షెడ్డు వేయిద్దాం, సరుకంతా కంపెనీయే కొంటుందట" అనే తండ్రులూ గోదావరి జిల్లాల్లో నాకు తగులుతూనే ఉంటారు. మొదటివాళ్లది నామోషీ. రెండోవాళ్లది ఆత్రం. నా భయమంతా ఈ ఆత్రం చూసే.

ఆ పురుగు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వా. అది తడి చెత్త తిని రెండు వారాల్లో చేపలకూ కోళ్లకూ మేతవుతుంది. ఎండబెడితే దాదాపు 40 శాతం మాంసకృత్తులు. ఎదిగిన ఈగ ఇంటి ఈగలా అన్నం మీద ముసరదు, చెక్కముక్కల సందుల్లో గుడ్లు పెట్టుకుంటుంది. ఇందులో మొదటి పాఠాలకు వేలు పోసి సర్టిఫికెట్ కోర్సులెందుకు? స్విట్జర్లాండ్ పరిశోధన సంస్థ ఈవాగ్ మార్గదర్శిని ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది.

కష్టం పురుగును పెంచడంలో లేదు, చెత్త దగ్గరుంది. శ్రావణ, మాఘ మాసాల్లో కల్యాణమండపాల విస్తళ్లు ఎత్తలేక చస్తారు. ఆషాఢంలో ఒక్క పెళ్లీ ఉండదు. పురుగుకు ఆషాఢం తెలియదుగా! హోటళ్ల మిగులు కోసం పందుల పెంపకందారులు ముందే కాచుకుని ఉంటారు. వచ్చిన చెత్తలో సాంబారు ఎక్కువైతే కొబ్బరి పొట్టో తవుడో కలిపి తడి తగ్గించాలి, లేకపోతే కంపు వీధంతా కొట్టి పంచాయితీ ఇంటిదాకా వస్తుంది. ఈగలు జతకట్టడానికి ఎండ కావాలి. ముసురు పట్టిన వారం గుడ్ల సంఖ్య పడిపోతుంది.

ఇక లెక్క. టన్ను తడి చెత్తకు 200 కిలోల పచ్చి లార్వా వస్తే గొప్ప. ఎండితే అందులో మూడోవంతు మిగులుతుంది. "చుట్టూ చెరువులే, కొనేవాళ్లకు కొదవా?" అంటారు. మన చేపల రైతు నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి తాళ్లకు వేలాడదీస్తాడు. ఆ తవుడు ధరతో లార్వా పొడి పోటీపడలేదు. రొయ్య మేత కంపెనీలకు ఒకే నాణ్యతతో టన్నులకొద్దీ కావాలి. చిన్న యూనిట్‌కు దిక్కు నాటుకోళ్లవాళ్లు, కొర్రమేను పెంచేవాళ్లు. అడుగున మిగిలే ఎరువుకు కడియం నర్సరీలను అడిగి చూడొచ్చు.

"గుడ్లు మా దగ్గరే కొనండి, లార్వా మేమే తీసుకుంటాం" అనే ఒప్పందం చూపిస్తే ఈము పక్షులు గుర్తురావాలి. 2012లో తమిళనాడులో ఈము కంపెనీలు కుప్పకూలినప్పుడు మునిగింది డిపాజిట్లు కట్టినవాళ్లే. ఫ్రాన్స్‌లో వేల కోట్లతో పురుగుల ఫ్యాక్టరీ కట్టిన 'ఇన్‌సెక్ట్' అనే కంపెనీ సైతం 2024లో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

ఆసక్తి ఉన్న పిల్లలకు నేను చెప్పే దారి చదువు, ఆ తర్వాత జీతం. పదో తరగతి తర్వాత ఫిషరీస్ డిప్లొమా, లేదా ఇంటర్ బైపీసీతో ఈఏపీసెట్ రాసి బీఎఫ్‌ఎస్సీ. ఆపైన మేత కంపెనీలోనో హేచరీలోనో రెండేళ్లు పనిచేస్తే, ఎవరు ఏ ధరకు కొంటారో జీతం తీసుకుంటూనే తెలుస్తుంది. సొంత షెడ్డు ఆలోచన అప్పుడు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈలోగా అబ్బాయి పెరట్లో నాలుగు టబ్బులు పెట్టుకుంటానంటే పరువు పోయిందని గోల చేయకండి. పొలం పత్రాలు మాత్రం బీరువాలోంచి తీయకండి.