ముందు తోక, తర్వాతే గొంతు

చలికాలంలో హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో అనంతగిరి అడవిలోనో ఓ చిన్న గోధుమరంగు పిట్ట చెట్టు నీడన తోకను టక్కున పైకి ఎగరేస్తూ కనిపిస్తుంది. అది రెడ్-బ్రెస్టెడ్ ఫ్లైక్యాచరా, టైగా ఫ్లైక్యాచరా? మొదటిది తూర్పు యూరప్, దాని పొరుగు ఆసియా అడవుల నుంచి వస్తే, రెండోది సైబీరియా నుంచి వస్తుంది. ఒకప్పుడు ఈ రెండింటినీ ఒకే జాతిగా లెక్కించేవారు.

ముందుగా తోక మొదట్లో అటూ ఇటూ తెల్లమచ్చలున్నాయేమో చూడండి. అవి లేకపోతే మీరు చూస్తున్నది ఈ జంటలోది కాదు, ఏ ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచరో అయ్యుండొచ్చు.

మచ్చలుంటే, పిట్ట వీపు తిప్పేదాకా ఓపిక పట్టండి. అసలు గుట్టంతా తోక మొదలును పైనుంచి కప్పే పొట్టి ఈకల్లో ఉంది. టైగాలో అవి కారునలుపు, తోకకంటే నల్లగా కూడా ఉంటాయి. రెడ్-బ్రెస్టెడ్‌లో గోధుమరంగుకో ముదురు రంగుకో తిరుగుతాయి గానీ తోక నలుపును మించవు. అందుకే ఆ ఈకలను విడిగా కాక తోక పక్కన పెట్టి పోల్చాలి. నీడలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి కాబట్టి వెలుతురు పడేదాకా తీర్పు చెప్పకండి.

తర్వాత ముక్కు. కింది ముక్కు మొదలు పాలిపోయి ఉంటే రెడ్-బ్రెస్టెడ్ వైపు, మొత్తం నల్లగా ఉంటే టైగా వైపు మొగ్గండి. ఫోటో తీసి పెద్దది చేసి చూస్తే తేలిక.

చాలామంది మొదలుపెట్టే గొంతును నేను కావాలనే వెనక్కి నెట్టాను. ఆడపిట్టల్లో, పిల్లల్లో ఆ నారింజరంగు ఉండనే ఉండదు. రెడ్-బ్రెస్టెడ్ మగపిట్టకు అది ఎదిగాకే వస్తుంది, రొమ్ము దాకా పాకుతుంది, చలికాలంలోనూ నిలుస్తుంది. టైగా మగపిట్టకు గొంతు వరకే, దాని కింద బూడిదరంగు పట్టీ ఉంటుంది. చలికాలంలో ఆ రంగు పోయి, తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ వస్తుంది. డిసెంబరులో నారింజ గొంతు కనిపిస్తే రెడ్-బ్రెస్టెడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. తెల్ల గొంతును బట్టి మాత్రం ఏదీ తేల్చలేం.

కూతలో రెండూ గిర్రుమంటాయి. టైగాది వేగంగా, పొడిగా, పురుగు చప్పుడులా సాగుతుంది. రెడ్-బ్రెస్టెడ్‌ది నెమ్మది. పక్షుల కూతలు దొరికే వెబ్‌సైట్ జెనో-కాంటోలో రెండింటినీ ఇంట్లో వినండి. అడవిలో మాత్రం మోగించకండి, వలసపిట్ట మేత మానేసి కంగారుపడుతుంది.

కనీసం రెండు ఆనవాళ్లు కలిస్తేనే పేరు రాయండి. కలవకపోతే, చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో ‘టైగా/రెడ్-బ్రెస్టెడ్’ అనే ఉమ్మడి పద్దు ఉంది, అక్కడ నమోదు చేయండి.