ఏనుగుకి లావు లేకపోవడమేంటి?

ఫ్రెండ్స్, గజేంద్ర మోక్షం వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన ఒక్క మాట గురించి ఇక్కడ చెప్తాను. 'లావు'.

చిన్నప్పుడు నేను బాగా బొద్దుగా ఉండేవాణ్ణి. ఏ పెళ్ళికెళ్ళినా "ఏరా, ఇంకా లావయ్యావే!" అనేవాళ్ళు. మా నాన్నమ్మేమో పోతన భాగవతంలోని పద్యం నేర్పించేది, గజేంద్రుడు తనకి లావు కొంచెం కూడా లేదని మొరపెట్టుకునేది. లావు లేకపోతే హ్యాపీయే కదా, ఏడవడం దేనికి అనుకునేవాణ్ణి. అడిగితే "ఆ లావు వేరురా" అంది, అంతే.

నిజంగానే వేరు. పాత తెలుగులో లావు అంటే బలం, శక్తి. బలవంతుణ్ణి 'లావరి' అనేవాళ్ళు. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువులో కూడా ఈ మాటకి బలం అనే అర్థం ఉంది, దొడ్డుగా ఉండటం అనే అర్థమూ ఉంది.

పద్యంలో ఏ అర్థమో ఎలా తెలుస్తుంది? అదే పద్యంలో ఒంటికి 'తనువు' అని వేరే మాట వాడాడు పోతన. తనువు అలిసిపోయింది, ధైర్యం సడలింది, లావు లేదు. మూడూ వేర్వేరు. కథ చూసినా అంతే. మొసలిది నీళ్ళలో ఉండే ప్రాణి, దాని పట్టు పెరుగుతూ వచ్చింది. వెయ్యేళ్ళ పోరాటంలో ఏనుగు నీరసించిపోయింది. ఆకారానికేమో ఇంకా గజరాజే! అంత ఒళ్ళుండీ లావు లేదు అనడంలోనే ఉంది దాని బాధంతా. మనం 'సన్నబడ్డాను' అని చదివితే పద్యం మొత్తం పోతుంది.

ఇప్పుడు మనకి మిగిలింది సైజు ఒక్కటే. లావు పుస్తకం, లావు తాడు, లావు బియ్యం. వీటిలో తిట్టేమీ లేదు, మనిషి దగ్గరికొచ్చేసరికే గుచ్చుకుంటుంది. 'బలుపు' గతి ఇంకా ఘోరం. బలియడం అంటే బలపడటం, పుష్టిగా అవ్వడం. ఇవాళ ఎవరినైనా "బలిసిందా" అని చూడండి, గొడవే. (వద్దులెండి, చూడకండి.)

మొన్న ఊరెళ్తే నాన్నమ్మ నన్ను ఎగాదిగా చూసి "లావయ్యావురా" అంది. పోతన లావా, పెళ్ళిళ్ళ లావా అని అడిగాను.

"ముందు కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతా" అంది.